రబ్బింగ్ పాలిష్ పేరుతో కారు తోలు వలిచేస్తా ఉన్నారు

పెద్ద పోస్టు, తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి.

ఈ మధ్య సర్వీస్ సెంటర్లో ఎవరి జాబ్ కార్డు (బండికి చేసే పనుల చీటీ) చూసినా మనం అడక్కుండానే ఒక లైను వచ్చి కూర్చుంటా ఉంది, రబ్బింగ్ అండ్ పాలిషింగ్ అని, పక్కన రేటు. ఆయిల్ మార్చడానికి ఇచ్చిన బండికి ఇదేందయ్యా అని అక్కడోణ్ణి అడిగితే "అందరూ చేయించుకుంటారు సార్, ఆరు నెలలకోసారి చేస్తే పెయింట్ లైఫ్ పెరుగుద్ది" అంటాడు. పెరగడం ఏంది సామీ, తగ్గుద్ది! కానీ సాయంత్రం డెలివరీ తీసుకునేటప్పటికి బండి నిగనిగలాడతా ఉంటది కాబట్టి మనోళ్ళు కిమ్మనకుండా కట్టేసి వస్తారు. ఆ నిగనిగ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కడూ అడగడు, నాకు కాలేది అక్కడే.

అసలు కారు రేకు మీద ఏముంటదో చూడండి. తుప్పు పట్టకుండా అడుగున ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని గట్టి పొర, అదే క్లియర్ కోట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి ఇవన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటాయి, అందులో క్లియర్ కోట్ ఒక 40, మహా అయితే 50. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, మీ తల వెంట్రుకే దాదాపు 70 ఉంటది, లెక్కేసుకోండి. మెరుపు ఇచ్చేది ఆ పొరే, ఎండలో రంగు వెలిసిపోకుండా అడ్డం పడేదీ ఆ పొరే, యూవీని తట్టుకునే మందు అందులోనే కలిపి ఉంటది. అది పల్చబడిందంటే మన ఒంగోలు, నెల్లూరు రోహిణి కార్తె ఎండ నేరుగా రంగు మీదే పడతా ఉన్నట్టు.

ఇప్పుడు పాలిష్ ఏం చేస్తదంటే, గీత ఎంత లోతు ఉందో చుట్టుపక్కల క్లియర్ కోట్‌ని కూడా అంత లోతుకి అరగదీస్తది, అంతా ఒక మట్టానికి వచ్చాక వెలుగు సాఫీగా వెనక్కి కొడతది, గీత పోయినట్టు కనపడుద్ది. గీత పూడలేదు, చుట్టూ ఉన్నది పోయింది. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, బ్లాక్ గెలాక్సీ పలకని మెషిన్ కింద పెట్టి గరుకు రాయితో మొదలుపెట్టి నున్న రాయి దాకా మారుస్తా మారుస్తా అరగదీస్తే అద్దం అవుద్ది కదా, కారు మీద జరిగేదీ అదే పని. తేడా ఏందంటే అక్కడ పలక 20 ఎంఎం మందం, ఎంత తిన్నా కింద రాయే ఉంటది. ఇక్కడ మీ దగ్గర ఉన్నదే 0.04 ఎంఎం.

ఉన్ని ప్యాడ్ పెట్టి, ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ మెషిన్‌తో ముతక కాంపౌండ్ (అరగదీసే గరుకు పేస్టు) కొడితే ఒక్క దఫాకి రెండు మూడు మైక్రాన్లు ఈజీగా పోతాయి, చేసేవాడు గట్టిగా అదిమితే ఇంకా జాస్తి. నున్నటి ఫినిషింగ్ పాలిష్‌ని మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో కొడితే ఒక మైక్రాన్ కూడా పోదు. బండి జీవితం మొత్తంలో 8 మైక్రాన్లకి మించి తియ్యకూడదని డిటైలింగ్ (బండిని శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) తెలిసినోళ్ళు ఒక లెక్క పెట్టుకుంటారు. ఇంక ఆరు నెలలకోసారి కాంపౌండ్ కొట్టించేవాడి బండి నాలుగేళ్ళకి ఏ స్థితికొస్తదో మీరే గుణించుకోండి. అందులోనూ బానెట్ మడతలు, డోర్ల అంచులు, బాడీ లైన్ల మీద పొర ఇంకా పల్చగా ఉంటది, మెషిన్ ఒత్తిడంతా అక్కడే పడుద్ది, వేడెక్కి అక్కడే ముందు చిల్లు పడుద్ది.

మా బావది నల్ల సెడాన్. బావ ప్రతి సర్వీసుకీ ఈ రబ్బింగ్ చేయించేవాడు, నేను వద్దని మొత్తుకుంటే "ఊరుకోరా, నీకన్నిట్లో అనుమానమే, చూడు మొఖం కనపడతా ఉంది" అనేవాడు. ఇప్పుడు రూఫ్ మీద, బానెట్ మధ్యలో తెల్లగా బొబ్బలొచ్చి పొలుసులు లేచిపోతా ఉన్నాయి. ఎండలో పార్కింగ్ పాత్ర కూడా ఉంది, కాదనను, కానీ తలుపుల పక్కల బాగానే ఉండి మెషిన్ బాగా ఆడిన చోట్లే లేచిందంటే ఇంకేం చెప్పాలి. మొన్న తీసుకెళ్తే సర్వీస్ సెంటర్లో రబ్బింగ్ చేసిన అదే పిల్లోడు మళ్ళీ "పాలిష్ కొడితే సెట్ అయిపోద్ది సార్" అన్నాడంట! క్లియర్ కోట్ లేచిపోయాక పాలిష్‌తో అయ్యేదేమీ లేదు బావా, గీకి మళ్ళీ పెయింట్ వెయ్యడం ఒక్కటే దారి అని చెప్తే, అప్పుడు కూడా నన్నే తిడతాడు, ముందే గట్టిగా చెప్పాల్సింది అని.

సరే, గీతలు అసలు ఎందుకు పడతాయి? ఎండలో నిలబెట్టి చూస్తే పెయింట్ మీద మెరిసే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ గుండ్రంగా కనపడే ఆ సన్న గీతలు ఆకాశంలోంచి రాలవు. నూటికి తొంభై పాళ్ళు మనం తుడిచే తుడుపే. అపార్ట్‌మెంట్లో పొద్దున్నే వాచ్‌మెన్ ఒక బకెట్, ఒక పాత బనీను గుడ్డ తీసుకుని వరసగా పది కార్లు తుడుస్తాడు, ఆఖరి కారు దగ్గరికొచ్చేసరికి ఆ నీళ్ళు టీ రంగులో ఉంటాయి. ఆయన్ని అనేది ఏమీ లేదు, మనమిచ్చే జీతానికి అదే ఎక్కువ. కానీ కర్నూలు రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనకాల వచ్చిన బండి మీద ఉండేది రాతి పొడి, కృష్ణపట్నం వైపు తిరిగే బండి మీద బొగ్గు దుమ్ము, కొత్తపట్నం బీచ్‌కి పోయొస్తే ఇసక, వాటి మీద గుడ్డ పెట్టి లాగితే అదే గీకుడు కాయితం. రోజూ తుడిచి శుభ్రంగా ఉంచుతా ఉన్నాం అనుకుంటారు చూడండి, వాళ్ళ బండే అందరికంటే ముందు మసకబారుద్ది. దుమ్ము ఉంటే ఉండనీండి, దుమ్ము వల్ల పెయింట్‌కి ఏమీ కాదు, దుమ్ముని రుద్దితే అవుద్ది. దుమ్ము బండి మీదే కవర్ కప్పి గాలికి కొట్టుకోనివ్వడం కూడా ఇదే బాపతు.

మనకి నీళ్ళ కరువు కదన్నా, ప్రెషర్ వాష్ ఎక్కడ పెట్టేది అంటారు. ఒంగోల్లో కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని వీధులు నాకు తెలుసు, అందుకే చెప్తా ఉన్నా, రెండు బకెట్లు చాలు. ముందు మగ్గుతో పై నుంచి పోసి వదులు దుమ్ము జారనివ్వండి. ఒక బకెట్లో కార్ షాంపూ, రెండోదాంట్లో వట్టి నీళ్ళు. మైక్రోఫైబర్ గ్లవ్‌తో ఒక ప్యానెల్ తుడిచాక వట్టి నీళ్ళలో జాడించి అప్పుడే షాంపూలో ముంచాలి, పై నుంచి కిందకి రావాలి, టైర్ల పక్క భాగం ఆఖర్న. గిన్నెల సబ్బు వద్దు, అది జిడ్డుతో పాటు మీరు డబ్బు పెట్టి పూయించిన వ్యాక్స్‌ని కూడా లేపేస్తది.

ఆరబెట్టడం మర్చిపోయారా, మిగతాదంతా వేస్టు. మన బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో గీజర్ రాడ్డు చూస్తే తెలుస్తది, కనిగిరి వైపు అయితే ఇంక చెప్పనక్కర్లేదు. ఎండలో కడిగి వదిలేస్తే నీళ్ళు ఆవిరై సున్నం మిగిలి తెల్ల చుక్కలు పడతాయి, అలాగే నాలుగు ఎండలు కాగితే క్లియర్ కోట్‌ని తినేసి గుంటలు పెడతాయి. అప్పుడు మళ్ళీ పాలిష్! కొత్త చుక్కలైతే వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి తడిపిన గుడ్డ కాసేపు కప్పి కడిగేస్తే వదులుతాయి, మెషిన్ అక్కర్లేదు. నీడలో, బానెట్ చల్లబడ్డాక, పొద్దున ఏడులోపే కడగండి, వెంటనే పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దండి, రుద్దకండి. పిట్ట రెట్ట పడినా ఇంతే, అందులో యాసిడ్ ఉంటది, ఎండకి వేడెక్కిన పెయింట్‌లో గంటల్లోనే మచ్చ దిగుద్ది, తడిగుడ్డ వేసి నానబెట్టి ఎత్తెయ్యాలి గానీ గోటితో గీకకూడదు.

ఇంకోటి చెప్తే కొంతమందికి కోపం వస్తది, అయినా చెప్తా. కొత్త బండి పూజప్పుడు బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం పెట్టి వారం దాకా ఉంచుతారు. పూజ చేయించండి, నేనూ చేయించా, కానీ బొట్టు గ్లాసు మీదో నంబర్ ప్లేట్ మీదో పెట్టించండి, పెయింట్ మీద పెడితే ఆ సాయంత్రమే నీళ్ళు పోసి తీసెయ్యండి. తెల్ల బండ్ల మీద స్వస్తిక్ నీడ నెలల తరబడి పోని కేసులు చూశా, అది పోగొట్టడానికి కూడా కాంపౌండే కొడతారు.

ఇంక కోటింగుల భాగోతం. టెఫ్లాన్ కోటింగ్ అని ఇప్పటికీ అమ్ముతా ఉన్నారు. టెఫ్లాన్ అంటే పీటీఎఫ్ఈ, అది కరిగేదే 327 డిగ్రీల దగ్గర, పెనం మీద అంటుకోవాలంటే అంత వేడి పెట్టి కాల్చాలి. వర్క్‌షాప్‌లో స్పాంజితో పూసి గంటలో ఇచ్చేది కారు మీద ఎట్టా అతుక్కుంటది? అందులో ఉన్న వ్యాక్స్‌దే ఆ మెరుపంతా. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూస్తే గట్టిపడే ద్రవం) నిజమైన వస్తువే, కాదనను, నీళ్ళు నిలవవు, రెట్ట తేలిగ్గా వదుల్తది, కడగడం సులువు. కానీ దాని మందం ఎక్కువ భాగం ఒకటి రెండు మైక్రాన్లే, వాళ్ళు గొప్పగా చెప్పే 9హెచ్ అంటే పెన్సిల్‌తో గీసి చూసే లెక్కలో గట్టిదనం, అమ్మేవాడు చెప్పినట్టు వజ్రం పక్కన నిలబడేది కాదు. తాళంతో గీస్తే గీత పడుద్ది, రాయి తగిలితే పెచ్చు లేస్తది. పైగా కోటింగ్ కింద గీతలుంటే అలాగే సీలైపోతాయి కాబట్టి ముందు పాలిష్ తప్పదంటారు. ఆ ముందు పాలిష్ దగ్గరే కన్నేసి ఉంచాలి, కొత్త బండికి కూడా కాంపౌండ్ కొట్టేస్తా ఉన్నారు! కొత్త బండికి ఫినిషింగ్ పాలిష్ ఒక చెయ్యి చాలు. అంత బడ్జెట్ లేదా, మంచి సీలెంట్ (పెయింట్ మీద కాపుగా పూసే ద్రవం) డబ్బా ఒకటి తెచ్చుకుని మూడు నాలుగు నెలలకోసారి మీరే చేత్తో పూసుకోండి, అరిగేది ఏమీ లేదు.

పాలిష్ అసలే వద్దనట్లేదు నేను. బండి కొన్న కొన్నేళ్ళకి ఒకసారి, తెలిసినోడితో, తిరుగుతానే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్‌తో చేయిస్తే బ్రహ్మాండంగా ఉంటది. ముందు పెయింట్ మందం కొలిచే గేజ్ ఉందా అని అడగండి. లేదంటే బండి వెనక్కి తిప్పండి. రేకు మీద ప్రతి ప్యానెల్ కొలవాలి, ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పని చెయ్యదు, దాంతో కొలిచానని చెప్తే అబద్ధం. ఎక్కడైనా 200 మైక్రాన్లు దాటి చూపిస్తే అది మళ్ళీ పెయింట్ వేసిన ప్యానెల్ అయి ఉంటది, 80కి దిగితే దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. మెత్తటి ప్యాడ్, నున్నటి పాలిష్‌తో చిన్న చోట మొదలుపెట్టమనండి, దాంతో పోతే ఇంక ముతకది ఎందుకు. గోరు ఆడిస్తే గోటికి తగిలేంత లోతు గీతని తియ్యనే కూడదు, టచప్ పెయింట్ పెట్టుకుని వదిలెయ్యాలి. పని జరిగేటప్పుడు ప్యాడ్ చూడండి, ప్యాడ్‌కి మీ బండి రంగు అంటుకుంటా ఉందంటే ఆపించెయ్యండి, క్లియర్ కోట్ లేని పాతకాలం సింగిల్ స్టేజ్ పెయింట్ అయితే తప్ప క్లియర్ కోట్ అయిపోయి రంగులోకి దిగాడని అర్థం. అయ్యాక ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో ఒక చోట తుడిపించండి. కొన్ని పాలిష్‌ల్లో గీతల్ని నూనెతో కప్పేసే సరుకు ఉంటది, తుడిస్తే గీతలు మళ్ళీ తేల్తాయి, అప్పుడు బిల్లు గురించి మాట్లాడొచ్చు.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) వేయించాలా అని మొన్న పెళ్ళిలో ముగ్గురు పట్టుకున్నారు. అది 150, 200 మైక్రాన్ల ప్లాస్టిక్ ఫిల్మ్, రాయి దెబ్బ ఆపేది అదొక్కటే, మంచిదైతే సన్న గీతలు వేడికి వాటంతటవే మూసుకుంటాయి. బండి మొత్తానికి అంటే పెద్ద ఖర్చే. హైవే మీద లారీల వెనకాల రోజూ తిరిగేవాళ్ళయితే బంపర్, బానెట్, అద్దాల వెనక, డోర్ హ్యాండిళ్ళ కింద గోళ్ళు గీసే చోటు, అంతవరకు వేయించుకోండి చాలు, అది కూడా బండి కొత్తగా ఉన్నప్పుడే, ఎవడో ఒకడు మెషిన్ పెట్టకముందే.