పచ్చపులి

గ్రాఫిక్స్ చేసుకునే నన్ను షూటింగుకి పిలిచింది అద్దంలా మెరిసే క్రోమ్ బంతి పట్టుకుని నిలబడడానికి. ఎండ ఎటునుంచి ఎంత పడుతోందో ఆ బంతిలో కనిపిస్తుంది. రేపు కంప్యూటర్లో పెట్టే పులి మీదా అదే ఎండ పడాలి. అంతవరకే నా పని. తీరా చూస్తే హీరో పులి తల నిమరాలట. గాలిని నిమిరితే చెయ్యి ఎక్కడ ఆపాలో తెలీదు కాబట్టి కింద ఎవరిదో ఒక తల ఉండాలి. మేనేజర్ చుట్టూ చూశాడు. నేను తప్ప అందరూ ఏదో పని కల్పించుకున్నారు.

సూటొచ్చింది. నెత్తి నుంచి కాలివేళ్ల దాకా పచ్చరంగు.

"అన్నా, ఇది మామిడితోట. పచ్చ తీసెయ్యమంటే సాఫ్ట్‌వేర్ నాతోపాటు తోటనీ లేపేస్తుంది. బూడిదరంగుది లేదా?"

"గ్రాఫిక్స్ అంటే గ్రీనే కదా తమ్ముడూ!"

నాలుగు కాళ్ల మీద నిలబడ్డాను. హీరో గ్లిజరిన్ కన్నీళ్లతో "వచ్చావా నాన్నా" అంటూ నా తల నిమిరాడు. మా నాన్న కూడా ఏనాడూ అంత ప్రేమగా నిమరలేదు (ఆయనకి తల కనిపిస్తే మొట్టబుద్ధేసేది). ఇంతలో మైకులో దర్శకుడు: "పులీ! కళ్లల్లో ప్రేమ చాలట్లేదు!" ముసుగులో నా కళ్లు నాకే దిక్కులేవు. అయినా పెద్ద మనిషి అడిగాడు కదాని లోపలే ఇంతింత చేసి చూశాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది!" అన్నాడాయన. సరిగ్గా అప్పుడే మోకాలి కింద ఎర్రచీమలు. గోక్కునే పులి స్క్రిప్టులో లేదు. గట్టు మీంచి ఒక ముసలమ్మ, "ఎవరి పిల్లోడే ఆ బీరకాయ?" అనడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

నేను లేకుండా ఖాళీ తోటని ఒక్కసారి తీయండి, నన్ను చెరిపినచోట పెట్టడానికి ఆ క్లీన్ ప్లేట్ కావాలని బతిమాలాను. "లైటు పోతోంది, గ్రాఫిక్స్‌లో చూసుకుందాంలే" అని పేకప్ చెప్పేశారు.

చూసుకోవాల్సింది ఎవరు? సెకనుకి 24 ఫ్రేములు, ఆరు సెకన్ల షాటుకి 144. ఒక్కో ఫ్రేములో నా చుట్టూ నేనే గీత గీసి, నన్ను నేనే తుడిచేసి, ఆ కంతలో పక్కకొమ్మ ఆకులు తెచ్చి అతుకుతున్నాను. మేనేజర్‌కి ఫోన్ చేసి మొత్తుకుంటే, "1957లో మాయాబజార్‌కి కంప్యూటరే లేదు. లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడలేదా? నీకు కంప్యూటరుంది కదయ్యా!" అన్నాడు.

పైగా సూటు మోకాలి దగ్గర చిరిగిందని నా రోజు భత్యంలో కోసేశారు.