ఆటకు గంట సరే, చదువుకో?

షికోకు దీవిలోని కగావా, విస్తీర్ణంలో జపాన్‌లోకెల్లా చిన్న ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం). 2020 మార్చిలో అక్కడి అసెంబ్లీ దేశంలో అంతకుముందు ఎక్కడా లేని స్థానిక చట్టం ఒకటి చేసింది. 18 ఏళ్లలోపు పిల్లలు బడి ఉన్న రోజుల్లో 60 నిమిషాలు, సెలవుల్లో 90 నిమిషాలు మించి వీడియో గేములు ఆడకుండా తల్లిదండ్రులు చూసుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌ను జూనియర్ హైస్కూలు (మన లెక్కలో తొమ్మిదో తరగతి) వరకు రాత్రి 9కి, ఆపై వాళ్లు 10కి పక్కన పెట్టేయాలి. మాట వినకపోతే శిక్షలేమీ లేవు. ముసాయిదాపై ప్రజాభిప్రాయం అడిగితే 2,600కు పైగా స్పందనలు వచ్చాయనీ, 80 శాతానికి పైగా అనుకూలమేననీ ప్రకటించారు. తీరా తిరగేసి చూస్తే, పక్కవాడి కాగితం చూసి రాసినట్టు ఒకే మాటలతో ఉన్నవి చాలా బయటపడ్డాయి. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమంటూ కగావా రాజధాని తకమత్సుకు చెందిన ఓ హైస్కూలు విద్యార్థి, అతని తల్లి కోర్టుకెక్కారు. చట్టం ప్రయత్నించమని మాత్రమే చెబుతోంది, ఎవరి హక్కులనూ కట్టడి చేయడం లేదంటూ 2022 ఆగస్టులో జిల్లా కోర్టు ఆ కేసు కొట్టేసింది.

న్యాయపరంగా అది సబబే కావచ్చు. పాటించకపోయినా ఏమీ కాని చట్టం చివరికి చేసేదల్లా రోజూ ఇంట్లో జరిగే గొడవలో పెద్దల చేతికి ఇంకో మాట అందించడమే. ఆ గంట లెక్క కూడా కొత్తదేమీ కాదు. నింటెండో 1983లో టీవీకి తగిలించి గేములు ఆడే ఫ్యామిలీ కంప్యూటర్‌ను బజారులోకి తెచ్చాక పిల్లల చదువులు అటకెక్కుతున్నాయని జపాన్ అంతటా గోల మొదలైంది. పిల్లలంతా ‘తకహాషి మెయిజిన్’ అంటూ నెత్తిన పెట్టుకున్న హడ్సన్ కంపెనీ ఉద్యోగి 1985లో వేదిక మీద నుంచే ‘గేము రోజుకు ఒక గంటే’ అన్నాడు. గేములు అమ్ముకునే కంపెనీ మనిషి నోట ఆ మాట రావడం విడ్డూరమే. తల్లిదండ్రులను చల్లబరచడానికి అన్నా, మనస్ఫూర్తిగా అన్నా, నలభై ఏళ్లుగా అది జపాన్ ఇళ్లలో సామెతలా చెల్లుతోంది. 1988 ఫిబ్రవరి 10, బుధవారం నాడు డ్రాగన్ క్వెస్ట్ అనే గేము మూడో భాగం విడుదలైతే బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు క్యూ కట్టిన పిల్లలను వందల్లో పోలీసులు పట్టుకుని మందలించాల్సి వచ్చింది. తర్వాతి భాగాలు శని, ఆదివారాలకో సెలవు రోజుకో మారాయి. అందుకు ఏ చట్టమూ అవసరం కాలేదు.

ఇంతకీ ఆ గంట పిల్లవాడి రోజులో ఎక్కడ పడుతుంది? జూనియర్ హైస్కూలు మూడో ఏడాది, అంటే మన లెక్కలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడిని తీసుకుందాం. బడి ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలవుతుంది. ఆరు పీరియడ్లు అవుతాయి. మధ్యలో చీపురు, గుడ్డ పట్టుకుని తరగతి గది, వరండా పిల్లలే శుభ్రం చేసుకోవాలి. ఆ తర్వాత క్లబ్బు: బేస్‌బాలో, బ్యాండో, టేబుల్ టెన్నిసో. ఇంటికొచ్చి గబగబా నాలుగు మెతుకులు తిని సైకిలెక్కి ‘జుకు’కు వెళ్లాలి. జుకు అంటే మన ట్యూషన్ సెంటరే, కాకపోతే ఒక పెద్ద పరిశ్రమ. అక్కడ క్లాసు అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. కగావా చట్టం ఫోను కట్టేయమన్న తొమ్మిది గంటల వేళకు వీడింకా జుకులో లెక్కలు చేస్తూ ఉంటాడు. ఇంటికొచ్చి స్నానం చేశాక మిగిలిన కాసేపట్లో నింటెండో వాళ్ల ‘స్విచ్’ గేము యంత్రం పట్టుకుంటే అది తప్పట! పొద్దున ఒకే గదిలో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోలేకపోయిన నలుగురు నేస్తాలు, హెడ్‌సెట్ పెట్టుకుని ఒకే జట్టుగా ఆడేది ఆ వేళలోనే.

ఎండాకాలం వచ్చేసరికి పరీక్ష రాయబోయే పిల్లలు క్లబ్బు మానేస్తారు. ఆ ఖాళీలోకి కూడా జుకు వేసవి క్లాసులే వచ్చి కూర్చుంటాయి. టోక్యోలో మరీ అన్యాయం. పేరున్న ప్రైవేటు జూనియర్ హైస్కూళ్ల ప్రవేశ పరీక్షలు ఏటా ఫిబ్రవరి 1న మొదలవుతాయి. వాటి కోసం నాలుగో తరగతి నుంచే తయారీ. రాత్రి తొమ్మిది దాటాక లోకల్ రైళ్లలో తమకంటే పెద్ద సంచులు మోస్తూ నిలబడి కునికే పన్నెండేళ్ల పిల్లలు అక్కడ మామూలు దృశ్యం. అలాంటి పిల్లవాడు స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఫోనులో రెండు ఆటలు ఆడుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

నిజానికి సర్దుబాటు చేసుకుంటున్నది పిల్లలే. పరీక్షలు దగ్గర పడగానే గేమును ఫోనులోంచి తీసేసేవాళ్లు, కన్సోల్‌ను అమ్మకిచ్చి ఫలితాలొచ్చేదాకా ఇవ్వొద్దనేవాళ్లు, ఇన్ని లెక్కలు చేస్తే ఒక ఆట అని తమకు తామే బేరం పెట్టుకునేవాళ్లు ఎందరో. నింటెండో 2017లో తెచ్చిన ఆప్‌తో పెద్దలు గడువు పెట్టవచ్చు. టైం అవగానే తెర మీద హెచ్చరిక వస్తుంది, కావాలంటే ఆటే ఆగిపోతుంది. ఆ గడువు ఎంతో ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న చోట అది పనిచేస్తుంది. పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలో 2022లో గణితంలో, సైన్సులో ఓఈసీడీ అనే సంపన్న దేశాల కూటమిలో అన్నిటికీ పైన నిలిచింది గేములు ఇంటింటా ఉన్న ఈ దేశమే.

అలాగని ముప్పు లేదనడం బాధ్యతారాహిత్యం. గేముల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల జాబితాలో చేర్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే యోకోసుకాలోని కురిహామా ఆసుపత్రి ఇంటర్నెట్ వ్యసనానికి ప్రత్యేక చికిత్స మొదలుపెట్టింది. ఎక్కువసేపు ఆడే పిల్లలకు సగటున మార్కులు తక్కువన్నది జపాన్ విద్యాశాఖ జాతీయ పరీక్షల్లో కనబడుతూనే ఉంది. అయితే ఆట వల్ల చదువు పోయిందా, చదువు పోయాక ఆటే దిక్కయిందా అన్నది ఆ అంకెలు చెప్పవు. 2023 విద్యా సంవత్సరంలో జబ్బు, డబ్బు ఇబ్బంది లాంటి కారణాలు కాకుండా ముప్ఫై రోజులు, అంతకు మించి బడి మానేసిన ప్రాథమిక, జూనియర్ హైస్కూలు పిల్లలు 3,46,482 మంది. తలుపేసుకుని గదిలో ఉండిపోయే వాళ్లలో కొందరికి బయటి మనుషులతో మిగిలిన ఒకే ఒక్క దారి ఆన్‌లైన్ ఆట. దానికీ గడియారం పెడితే బడికి వస్తారనుకోవడం భ్రమ.

పొరుగు దేశాల అనుభవం చూసినా పాఠం ఉంది. చైనా 2021లో మైనర్లకు ఆన్‌లైన్ గేములను శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే పరిమితం చేసింది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు వాళ్లకు అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఆన్‌లైన్ గేములు ఆపేసింది. పదేళ్లు చూసి, 2022 జనవరిలో ఆ చట్టాన్ని ఎత్తేసింది. అదే దేశంలో సియోల్ నగరం ట్యూషన్ సెంటర్లు రాత్రి పదికల్లా మూతపడాలని పెట్టిన నిబంధన మాత్రం నిలిచింది. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది. దొంగచాటు ట్యూషన్లు, ఆన్‌లైన్ పాఠాలు దానికి తూట్లు పొడుస్తున్నాయి, నిజమే. కానీ పిల్లల నిద్రకు అడ్డం వచ్చేది ఆట ఒక్కటే కాదని ఒప్పుకున్న ప్రభుత్వం అక్కడ ఒకటుంది.

జపాన్‌కు ఆ చేవ లేదనలేం. బడి క్లబ్బులు పిల్లల్ని, టీచర్లని పీల్చేస్తున్నాయని గొడవైతే 2018లో మార్గదర్శకాలు పెట్టింది: వారానికి కనీసం రెండు రోజులు విరామం, బడి రోజుల్లో రెండు గంటలకు మించొద్దు. 2025 అక్టోబరు నుంచి ఐచి ప్రిఫెక్చర్‌లోని తొయోఆకె పట్టణం స్మార్ట్‌ఫోన్ కాలక్షేపం రోజుకు రెండు గంటలు చాలంటోంది. దానికీ శిక్ష లేదు కానీ కనీసం పెద్దలనూ కలిపింది. ఆటకు లెక్క ఉంది, క్లబ్బుకు ఉంది, ఫోనుకు ఉంది. డబ్బు కట్టి పంపే జుకు జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. ఫోను లాక్కుని తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపే మన ఇంటర్ హాస్టళ్లను ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింతేమీ కాదు.

జపాన్ విద్యాశాఖ పిల్లలను గేము గంటలతో పాటు జుకుతో కలిపి చదువు గంటలూ అడుగుతోంది. లెక్క చేతిలోనే ఉంది. ఫోనుకు పెట్టిన తొమ్మిది గంటల గడువును కగావా అసెంబ్లీ ముందు తన ఊళ్లలోని జుకులకు పెట్టి చూడాలి. ట్యూషన్ తొమ్మిదికి వదిలితే, ఆ పదిహేనేళ్ల కుర్రాడు చట్టం ఇచ్చిన గంటసేపూ ఆడుకుని కూడా పదకొండుకల్లా పడుకుంటాడు.