కుర్చీలో ఉన్నవాణ్ణి కదిలించడం ఏం న్యాయం?

కిడ్నీ జబ్బుతో కాలు తీసి కాలు వేయలేని మనిషి, పాపం, కుర్చీలోనైనా సుఖంగా ఉన్నాడనుకుంటే, ఫిజియోథెరపిస్టులు అక్కడికీ వచ్చేశారు. కూర్చునే వ్యాయామం చేయాలట! "నువ్వు కదలకు, మేమున్నాంగా" అనే ఒక్క మాట మీద ఏళ్ల తరబడి నడుస్తున్న పరామర్శకుల వ్యవస్థకు ఇది గొడ్డలిపెట్టు. మా అభ్యంతరాలు వినాలని మనవి.

కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో ఆమ్లం పెరిగి కండ కరుగుతుందనీ, కదలకుండా కూర్చుంటే తొడ కండ మరీ త్వరగా పోతుందనీ వాళ్ల వాదన. పోనివ్వండి. తొడల్లో బలం తగ్గితేనే కదా, కొలిచిన ఆ గ్లాసెడు నీళ్లు అందించే పుణ్యం మాకు దక్కేది!

కుర్చీ దగ్గరే వాళ్ల చాదస్తం మొదలవుతుంది. సోఫా పనికిరాదు, కూరుకుపోతారు. చక్రాలున్నది జారుతుంది. గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయాలి, పాదాలు రెండూ పూర్తిగా నేలకు తగలాలి. వీల్‌చెయిరే దిక్కయితే రెండు బ్రేకులూ వేసి, పాదాలు పెట్టుకునే పలకలు పక్కకు తప్పించాలి. షుగరు కూడా ఉంటే ముందు అరికాళ్లు చూసుకుని, బూట్లు తొడుక్కోవాలి. ముహూర్తం ఒక్కటే తక్కువ.

ఇక అసలు పని. మడమలు ఆనించి వేళ్లు లేపడం, వేళ్లు ఆనించి మడమలు లేపడం, ఎనిమిది పది సార్లు. తర్వాత ఒక్కో కాలూ ముందుకు చాపి, వేళ్లు తనవైపు లాక్కుని, మూడు లెక్కపెట్టి దించడం. మెల్లగా దించాలి. టపీమని వదిలేస్తే కండకు సగం పని ఎగ్గొట్టినట్టే. పైగా ఈ జబ్బులో ఎముకలూ, వాటిని కండకు కలిపే నరాల్లాంటి పట్టీలూ బలహీనపడి ఉంటాయి కనుక కుదుపు అసలే కూడదు. అంకెలు పైకే అనాలట. ఊపిరి బిగబడితే బీపీ ఎగబాకుతుంది, నోట్లో అంకె ఉన్నవాడు ఊపిరి బిగబట్టలేడు. ఇంత దూరం వచ్చి మేము పలకరిస్తుంటే "ఆరు, ఏడు" అని జవాబు చెప్పడం ఏం మర్యాదండీ?

మొదట్లో ఐదు నిమిషాలు చాలు, అలవాటయ్యాక ఒకటి రెండు నిమిషాలు పెంచుకోవచ్చు. చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ కొలత. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి నాడి లెక్క తప్పుదోవ పట్టిస్తుంది కనుక, మేము ముచ్చటపడి బహూకరించిన నాడి చూపే వాచీకి విలువే లేకుండా పోయింది.

ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతికి వ్యాయామపు రబ్బరు బ్యాండు చుట్టకూడదు, బరువులు డాక్టరు సరేనంటేనే. అదే చేత్తో మెత్తటి బంతి నొక్కమని సర్జనే చెబుతాడు! ఒకే చేతికి రెండు చట్టాలా? చెమట పట్టింది కదా అని జాలిపడి చెంబెడు నీళ్లిస్తే డాక్టరు కొలిచి ఇచ్చిన రోజువారీ నీటి లెక్క దాటుతుందంటారు. సరేనని స్పోర్ట్స్ డ్రింకు తెస్తే, అందులో సోడియం, పొటాషియం ఉంటాయంటారు. మా ఆప్యాయతకు దారేది?

డయాలిసిస్ మంచం మీదా వదలరు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఆ రోగి హక్కు. కొన్ని చోట్ల కాళ్లకు పెడల్ తగిలించి తొక్కిస్తున్నారు, అదీ మొదటి రెండు గంటల్లోనే. ఆ తర్వాత నీరు లాగేకొద్దీ బీపీ పడిపోవచ్చనట. సూదులున్న చేయి మాత్రం కదలకూడదు. మా సిద్ధాంతానికి మిగిలిన ఏకైక అవయవం అదే.

అన్నిటికన్నా మాకు ప్రమాదకరమైనది కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. కుర్చీ అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, చేతులు ఆనించి లేవాలి. కూలబడకుండా మళ్లీ నిదానంగా కూర్చోవాలి. పక్కన ఒకరుండాలి. ఐదుసార్లు ఆగకుండా లేవగలిగినవాడు మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపగలడు కూడా. సాగనంపే శక్తి వచ్చినవాడు ఇంకెంత సేపు కూర్చోనిస్తాడు?

మాకూ కొన్ని రోజులున్నాయి లెండి. జ్వరం వచ్చిన రోజు, డయాలిసిస్ తప్పిపోయిన రోజు, ఒళ్లు నీరు పట్టి ఊపిరాడని రోజు, బీపీ 180/110 దాటిన రోజు వ్యాయామం బంద్. మధ్యలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ ఏది వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. ఆ రోజు విశ్రాంతి పక్షానిదే గెలుపని చాటుకుందామంటే, ఈ షరతులన్నీ రాసింది కూడా వాళ్లే.