పెద్ద పేపరు రాకముందు

ఈ మధ్య మనవాళ్ళు నలుగురు కలిసిన చోట మీడియా మాట వస్తే చర్చ రెండు ముక్కల్లో తేలిపోతోంది. పేపర్లూ చానళ్ళూ పార్టీల పంచన చేరిపోయాయి, నిజం తెలియాలంటే ఇక యూట్యూబే గతి అంటారు కొందరు. మైకు పట్టుకున్న ప్రతివాడూ విలేకరేనా అంటారు మరికొందరు. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ సంఘంగా కలిసిన మనం ఈ సంగతిని అంతటితో వదిలేయలేం. ప్రత్యామ్నాయ జర్నలిజం, అంటే పెద్ద పేపర్లకూ చానళ్ళకూ బయట జనం తమ వార్త తామే చెప్పుకోవడం, మన ప్రాంతానికి సెల్‌ఫోన్లతో వచ్చింది కాదు. రాష్ట్రమంతటా సారా దుకాణాలు మూయించిన పోరాటానికి మొదటి అక్షరాలు అందించింది అదే.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి పనులు చేసుకొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టారు. వాళ్ళ చేతికిచ్చిన వాచకాల్లో వాళ్ళ బతుకే ఉంది: చాలీచాలని కూలి, అది కాస్తా సారా అంగట్లో పోవడం, ఇంటికొచ్చాక దెబ్బలు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఒక్కటై ఊళ్ళోకి సారా రానీయకుండా చేశారు. వర్ధినేని రోశమ్మ పేరు లోకానికి తెలిసింది ఆ ఊరి నుంచే. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై మిగతా ఊళ్ళ రాత్రి బడులకు చేరింది.

ఆ పాఠం గురించి కాసేపు ఆగి ఆలోచించమంటాను. ఏ ఊళ్ళో జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు తెగించారు, ఎలా గెలిచారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. వార్తకు ఇంతకన్నా ఏం కావాలి? పైగా దాన్ని చదివినవాళ్ళు కాఫీ తాగుతూ పేపరు తిరగేసేవాళ్ళు కారు. నిన్నమొన్న అక్షరాలు నేర్చుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివారు. చదివాక పుస్తకం మూసి పడుకోలేదు. దూబగుంట వాళ్ళు చేసింది మనమెందుకు చేయలేమని ఊరి తర్వాత ఊరు కదిలింది. దాన్ని పాఠం అన్నారు గానీ, ఆ రోజుల్లో తెలుగులో వచ్చిన గొప్ప వార్త అదేనని నేను నమ్ముతాను. ఏ పత్రికా ఆఫీసులోనూ పుట్టని వార్త.

పెద్ద పత్రిక ఆ తర్వాత వచ్చింది. 1992లో 'ఈనాడు' ఈ పోరాటాన్ని తలకెత్తుకుంది. రోజూ చోటిచ్చి, ఊరూరి కబుర్లూ వేసింది. ఆడవాళ్ళు సారా దుకాణాల వేలం పాటలు జరగనివ్వకుండా అడ్డుపడుతుంటే ఆ దృశ్యం జిల్లా దాటి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి తెలిసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. పెద్ద పత్రిక లేకపోతే ఇంత వేగంగా ఇంత దూరం పోయేది కాదు, అందులో సందేహం లేదు. కానీ రాత్రి బడులూ, ఆ పాఠమూ, ఊరి సంఘాలూ లేకపోతే పెద్ద పత్రికకు రాయడానికేమీ ఉండేది కాదు. ఈ వరస మనం మరిచిపోతున్నాం.

రెండో సంగతి నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. 1997లో మద్యనిషేధం సడలించినప్పుడు, తమ మాట తాము అచ్చేసుకునే పత్రిక ఆ ఆడవాళ్ళ చేతిలో లేదు. రాసినన్నాళ్ళు వేరేవాళ్ళు రాశారు. పక్కనే చిత్తూరు జిల్లాలో 2001 నుంచి పొదుపు సంఘాల మహిళలు తామే విలేకరులై 'నవోదయం' పత్రిక నడిపారు. అలాంటిది దూబగుంటకు పదేళ్ళ ముందే దక్కి ఉండాల్సింది.

అసలు ఈ దారి మనకు కొత్త కాదు. జమీందారీల కింద నలిగిపోతున్న రైతుల పక్షాన నెల్లూరు వెంకట్రామానాయుడు పెట్టిన వారపత్రిక 'జమీన్ రైతు'. అంతకుముందు, 1921లో, టంగుటూరి ప్రకాశం లాయరుగా సంపాదించిన డబ్బంతా ధారపోసి మద్రాసులో 'స్వరాజ్య' దినపత్రిక నడిపారు. నెల్లూరు జిల్లావాడైన ఖాసా సుబ్బారావు అందులో పనిచేశారు. చివరికి డబ్బులు చాలక ఆ పత్రిక మూతపడింది. ప్రకాశం గారి పేరు పెట్టుకున్న జిల్లా మనది, కాబట్టి ఆ మూతపడడం కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పటి సంగతికొస్తే, మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళే చూడండి. ఆ నీళ్ళతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో డాక్టర్లు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలోనే. వంగిపోయిన నడుములూ, గారపట్టిన పళ్ళూ నేటికీ ఉన్నాయి. అయినా జిల్లా పేజీలో అది వార్త కావాలంటే మంత్రి రావాలి, లేదా ధర్నా జరగాలి. మా మండలంలో పేపరుకు వార్తలు పంపే ఒక కంట్రిబ్యూటర్ ఉన్నాడు. జీతం లేదు, అచ్చయిన లైన్లు లెక్కగట్టి ఇచ్చే లైన్ అకౌంట్ మాత్రమే. దానికి తోడు యాడ్స్ టార్గెట్. ఊరికి నీళ్ళ ట్యాంకర్ రావడం లేదని అతను రాసిన వార్త నాలుగు లైన్లుగా ఓ మూల వచ్చింది. ఆ పక్కనే ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు అరపేజీ. ఆ యాడ్ తెచ్చిందీ అతనే. ఏ నాయకుడి మీదైతే ప్రశ్న వేయాలో ఆయన దగ్గరే యాడ్ అడగాల్సి రావడం ఎంత టెన్షనో అతన్ని అడగాలి. అది అతని తప్పు కాదు, ఆ ఏర్పాటుది.

అలాగని ఫోన్ పట్టుకున్న ప్రతివాణ్ణీ నెత్తిన పెట్టుకోమని నేననను. యూట్యూబ్ చానల్ పేరు చెప్పి చిన్న వ్యాపారుల్నీ, ఆఫీసు గుమాస్తాల్నీ బెదిరించి డబ్బులు గుంజేవాళ్ళున్నారు. పరువు తీసి, తప్పని తేలాక వీడియో తీసేసి ఊరుకుంటారు. పెద్ద పేపరుకైతే కనీసం ఒక ఎడిటరుంటాడు, ఒక అడ్రసుంటుంది, సవరణ వేయమని అడగడానికి ఒక చోటుంటుంది. చిన్నవాళ్ళు కూడా ఆ బాధ్యత మోయాల్సిందే. వార్త కింద తమ పేరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న వివరం పెట్టాల్సిందే. ప్రభుత్వాన్నీ కంపెనీల్నీ లెక్క అడిగేవాళ్ళు తమ లెక్క దాచకూడదు.

మనం ఇక్కడ చేయగలిగింది ఉంది. ఊరి వీడియో వస్తే పది గ్రూపులకు ఫార్వర్డ్ చేస్తాం, కానీ అది తీసినవాడికి పెట్రోలు ఖర్చు ఎవరిచ్చారని అడగం. పండగ కార్యక్రమాలకు సినిమావాళ్ళను రప్పించడానికి మన సంఘాలు పెట్టే ఖర్చు మనందరికీ తెలుసు. అందులో చిన్న వాటాతో రెండు జిల్లాల్లో ఒకరిద్దరు యువ విలేకరులకు ఏడాది పొడుగునా నెల జీతం ఇవ్వచ్చు. నీళ్ళు, తీరప్రాంతం, చేపల చెరువులు లాంటి ఏదో ఒక్క విషయాన్ని వదలకుండా వెంటపడమని చెప్పొచ్చు. వాళ్ళు రాసింది ఏ పెద్ద పేపరైనా వాడుకోవచ్చు, రాసినవాళ్ళ పేరు మాత్రం వేయాలి. ఏం రాయాలో మనం చెప్పకూడదు, మనకు తెలిసిన నాయకుడి గురించైనా సరే. సంఘం కార్యవర్గం వచ్చే సమావేశంలోనే దీన్ని ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాను. మొదటి ఏడాది చందా నాది.