డ్రోన్ నియమాల్లో లేని కొబ్బరిచెట్టు

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో తెచ్చిన డ్రోన్ నియమాల్ని నేను చాలా శ్రద్ధగా చదివాను. సంక్రాంతికి అత్తారింటికి వెళ్తూ రాజమండ్రి దాకా రైల్లో అదే పని. 250 గ్రాముల లోపైతే నానో, అది దాటి 2 కిలోల దాకా మైక్రో అని ఉంది. ఎర్ర జోన్, పసుపు జోన్, పచ్చ జోన్ ఉన్నాయి. పచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ఎగరేసుకోవచ్చని ఉంది. అన్నీ ఉన్నాయి గానీ కొబ్బరిచెట్టు గురించి ఒక్క ముక్క లేదు. ఇంత పెద్ద దేశానికి నియమాలు రాసినవాళ్లలో కోనసీమ అల్లుడు ఒక్కడూ లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇది. ఆ నష్టాన్ని ప్రభుత్వం దృష్టికి తేవడానికే ఈ వ్యాసం.

బండి నడపాలంటే లైసెన్స్ కావాలి, ఎనిమిది వేయాలి, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఈ సంగతి కనిపెట్టిన కంపెనీలు బాటా చెప్పుల రేటులాగా సరిగ్గా 249 గ్రాములు తూగే డ్రోన్లు చేసి అమ్ముతున్నాయి. ఇక విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు కాబట్టి మన దగ్గర అవి లేవు. పెళ్లిలో తలంబ్రాల వేళ నెత్తిమీద గుయ్యిమని తిరిగేవి కందిరీగలు అనుకోవాలి. నాది కూడా దిగుమతి కాదు, మా బావమరిది దగ్గర నుంచి వచ్చింది. బావమరిది ఎక్కడి నుంచి వచ్చాడన్నది వేరే విషయం.

నాకు ధైర్యం ఎక్కడిదంటే, 2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్‌లో కృష్ణానది మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి బొమ్మలు వేసి గిన్నిస్ రికార్డులు కొట్టాయి కదా. అన్ని డ్రోన్లు ఒకదానికొకటి తగలకుండా తిరిగినప్పుడు, ఒక్క డ్రోన్‌ని ఒక్క చెట్టుకి తగలకుండా తిప్పలేనా అనిపించింది. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం జాతరని పైనుంచి తీద్దామన్నది అసలు పథకం. జనం నెత్తిమీద కొత్తవాడు ఎగరేయకూడదని, ముందు ఖాళీ చోట నేర్చుకోవాలని ఎక్కడో చదివాను కాబట్టి భోగి రోజే మా మావగారి ఇంటి ముందు మొదలుపెట్టాను. కోనసీమలో ఖాళీ చోటు ఎక్కడుందో చూపించమని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

ఎగరేసే ముందు దిక్సూచిని సరిచేయమంది ఫోన్లో యాప్. అంటే డ్రోన్‌ని రెండు చేతులా పట్టుకుని అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు తిరగాలి. నేను వాకిట్లో నిలబడి చాలా గంభీరంగా తిరుగుతుంటే మా అత్తగారు బయటికొచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి, గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ తెచ్చి, "ఉత్త చేతులతో తీస్తే పోదు బాబూ దిష్టి, ఇవి పట్టుకోండి" అన్నారు. ఆవిడ మాట అప్పుడే వినాల్సింది.

రిమోట్ మీద రెండు పుల్లలుంటాయి. ఎడమది పైకీ కిందకీ లేపడానికి, ఉన్నచోటే తిప్పడానికి. కుడిది ముందుకీ వెనక్కీ పక్కలకీ పోవడానికి. డ్రోన్ వీపు మనవైపు ఉన్నంతసేపూ బంగారంలాంటిది, చెప్పినట్టల్లా వింటుంది. మొహం మనవైపు తిప్పిందా, కుడి అంటే ఎడమకి పోతుంది. అద్దంలో చూస్తూ సొంత మీసం కత్తిరించుకున్నవాడికి ఈ బాధ తెలుస్తుంది. అయినా పది నిమిషాల్లో ఇంటి కప్పు దాటించాను. ఇంత డబ్బు పోసిన కెమెరాలో నేను చూసిన మొట్టమొదటి ఆకాశ దృశ్యం నా నడినెత్తి. అక్కడ జుట్టు అంత పల్చబడిందని ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

జోన్ల సంగతికొస్తే, సర్కారు మ్యాప్‌లో మా అత్తారి వీధి అంతా పచ్చగా ఉంది. వీధి మ్యాప్ వేరే ఉంది, అది ఎక్కడా అప్‌లోడ్ చేయలేదు. పక్కింటి తాతగారు నూతి దగ్గర స్నానం చేసే పెరడు ఎర్ర జోన్. ఆయన తువ్వాలు తప్ప ఇంకేమీ లేకుండా తలెత్తి చూసిన చూపుని నేను ఏ అధికారి దగ్గరా చూడలేదు. ఎదురింటి పిన్నిగారు వడియాలు పెట్టిన డాబా కూడా ఎర్రే. రెక్కల గాలికి ఆవిడ పరిచిన చీర ఒక కొస లేచిందంతే, "ఎవడ్రా అదీ" అని వీధి చివరికి వినపడింది. ఎవరో తెలిశాక "అల్లుడుగారా, పర్లేదు లెండి" అన్నారు గానీ ఆ పర్లేదులో లక్ష రూపాయల జరిమానా ఉంది.

ఇంతలో వీధి పిల్లలంతా పోగయ్యారు. డబ్బా మీద బ్యాటరీ 30 నిమిషాలు అని రాసుంది. ఆ 30 నిమిషాలూ గాలి వీచని చోట కొలిచినవని అప్పుడు తెలీదు. కాలవ గాలికి ఎదురు పోయి పోయి, బ్యాటరీ తక్కువైంది, ఇంటికొచ్చేస్తున్నానని డ్రోన్ తనంతట తనే చెప్పింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు అది మనం పెట్టిన ఎత్తుకి లేచి తిన్నగా వచ్చేస్తుంది. నేను 20 మీటర్లు పెట్టాను. దారిలో ఉన్న కొబ్బరిచెట్టు అంతకంటే ఎత్తుంది. ఈ బుల్లి డ్రోన్‌కి కిందకి చూసే కన్నే గానీ ఎదురుగా చూసే కన్ను లేదు. టపటపమని మట్టల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఫోన్ తెర మీద ఆకాశం పక్కకి ఒరిగి ఉంది.

చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడికి కబురు పెట్టారు. ఆయన వచ్చి, తల పైకెత్తి, చాలాసేపు చూశాడు.

"ఎంత తీసుకుంటారండీ?"

"కాయలకైతే లెక్కుందండీ. దీనికి లెక్క లేదు."

చూశారా, ఇక్కడ కూడా నియమాలు లేవు. ఐదొందలకి ఒప్పుకుని, ముట్టుకుంటే కరెంటు కొడుతుందా అని రెండుసార్లు అడిగి, కాళ్లకి తాడు తగిలించుకుని, మెట్లెక్కినట్టు ఎక్కిపోయాడు. డ్రోన్‌తో పాటు నాలుగు బొండాలు కూడా దింపాడు, ఎలాగూ ఎక్కాను కదండీ అని.

రాత్రి కార్డు లాప్‌టాప్‌లో పెట్టి ఇంటిల్లిపాదీ చూశాం. నా నెత్తి, వణుకుతున్న పెంకులు, తాతగారు (దాన్ని వెంటనే తీసేశాను), మళ్లీ నా నెత్తి. ఆ తర్వాత చెట్టులో ఇరుక్కున్నాక కూడా అది తీస్తూనే ఉంది. మట్టల మధ్య నుంచి కింద చిన్నగా మా వాకిలి, బొమ్మల్లా పిల్లలు, అంచు నుంచి తలపాగా చుట్టిన తల ఒకటి మెల్లగా పైకొస్తోంది. పొద్దుటి నుంచి తీసినదాంట్లో కదలకుండా వచ్చింది అదొక్కటే. ఆయన కెమెరా ముందుకొచ్చి ఆగి, అందులోకి తిన్నగా చూసి, తలపాగా సరిచేసుకుని, ఏదో అన్నాడు. డ్రోన్‌లో మైకు ఉండదు. పెదాలు చూసి మాట చెప్పగలనన్న మా బావమరిది మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు గానీ, అమ్మ ముందు చెప్పనన్నాడు.