చెప్పుల పక్కకు చేరిన బల్ల

మొన్న ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీలోని మన తెలుగువాళ్ల ఉగాది సంబరాలకు వచ్చినవాళ్లలో ఎంతమంది గమనించారో తెలియదు. పొద్దున పదింటికి, గుమ్మంలో ఉగాది పచ్చడి ఇస్తున్న చోటికి ఆనుకుని ఒక చిన్న బల్ల ఉంది. గృహహింసకు గురైన ఆడవాళ్లకు అండగా నిలిచే ఒక సంస్థ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చి, తెలుగులో అచ్చువేయించిన కరపత్రాలు దాని మీద పేర్చుకున్నారు. పంచాంగ శ్రవణం మొదలయ్యే వేళకు ఆ బల్ల అక్కడ లేదు. హాలు వెనక, చెప్పులు విడిచే చోటికి చేరింది. "పండగ పూట, కొత్త దంపతులు అడుగుపెట్టే గుమ్మంలో ఇదేమిటండీ, అశుభం" అన్నారట కార్యవర్గం పెద్దలు. ఆ పిల్లలు మారు మాట్లాడకుండా బల్ల మోసుకుపోయారు.

భోజనాల వేళ వెళ్లి చూశాను. కరపత్రాల కట్ట కట్టలాగే ఉంది. పచ్చడి గిన్నె అందుకుంటూ రెండో చేత్తో ఓ కాగితం సంచిలో వేసుకోవచ్చు. దాని కోసమే హాలు వెనకదాకా నడిచి వెళ్లాలంటే అందరి కళ్లూ తన మీదే ఉంటాయని ఏ ఆడపిల్లకైనా తెలుసు.

నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక ఆ కోపం నా మీదికే తిరిగింది. ఎందుకో చెప్పాలి.

ఏడేళ్ల కిందటి శ్రావణ శుక్రవారం. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, పేరంటానికి పాతికమంది వచ్చారు. వాళ్లలో మా వీధికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఉంది. పెళ్లయి ఏడాదిన్నర, భర్తది హెచ్-1బి ఉద్యోగ వీసా, తనది దాని మీద ఆధారపడి భార్యకిచ్చే హెచ్-4. కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంధం రాద్దామని మెడ దగ్గరికి చేయి పోనిచ్చాను. గొంతుకు అటూ ఇటూ బొటనవేలంత మచ్చలు, నలుపు విరిగి పచ్చబారుతున్నాయి. ఆ పిల్ల తల వంచుకుని పైట పైకి లాక్కుంది. ఇంటి నిండా ముత్తైదువలు. నేను గంధం చేతికి రాసి, శనగలు, తాంబూలం ఒడిలో పెట్టి, "దీర్ఘసుమంగళీ భవ" అని దీవించి పంపాను.

రాత్రి మావారికి చెప్పాను. ఇద్దరం ఆలోచించి, మనవాళ్లంతా చేసే పనే చేశాం. ఆ శనివారం భార్యాభర్తలను భోజనానికి పిలిచాం. ఇద్దరినీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి మంచీచెడూ చెప్పాం. ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, మా కాళ్లకు దండం పెట్టాడు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. "సర్దుకుపోవాలమ్మా, కోపం ఎవరికి ఉండదు" అన్నది నేనే. వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టాను. ఒక సంసారం నిలబెట్టామని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాం.

నాలుగు నెలల తరువాత తెలియని నంబరు నుంచి ఫోను. ఆ అమ్మాయి ఒక ఆశ్రయ గృహంలో ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది చెప్పిందంతే. "మీ ఇంటి నుంచి వెళ్లేటప్పుడు కారులో ఆయన అసలు నోరు విప్పలేదు ఆంటీ. గరాజ్ తలుపు కిందికి దిగాక మొదలుపెట్టాడు."

మా తాతగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆయన అరుగు మీద ఇలాంటి తగవులు చాలా తెగేవి. ఆడపిల్లకు అక్కడ న్యాయం జరిగేదని నేను చెప్పను. చాలాసార్లు "నువ్వే సర్దుకోవాలి తల్లీ" అన్నదే తీర్పు. అయినా మర్నాడు పొద్దున ఆ పిల్ల బిందె పట్టుకుని బావికి వచ్చేది, ముఖం వాచి ఉంటే నలుగురి కంటా పడేది. రాత్రి కేక వేస్తే పక్కింటి గోడ దాటి వినపడేది. కబురు అందితే అన్నదమ్ములు బస్సెక్కి మధ్యాహ్నానికల్లా దిగేవారు. మాట ఇచ్చినవాడు ఆ కళ్లకు భయపడి కొంతైనా నిలబెట్టుకునేవాడు. మనం ఆ అరుగును న్యూజెర్సీలోని ఈ ఎడిసన్‌కు తెచ్చుకున్నాం కానీ ఊరిని తెచ్చుకోలేదు. ఇక్కడ తలుపు మూసుకుంటే లోపలి కేక పక్కింటికి చేరదు. అలాంటి ఇంటికి, తన మీద చెప్పినందుకు మండిపడుతున్న మనిషి వెంట, ఆ పిల్లను మేమే పంపాం.

ఊరి కళ్లు చేసే పని ఇక్కడ చేయగలిగింది కోర్టు ఉత్తర్వే. న్యూజెర్సీలో దీనికి 1991 నాటి చట్టం ఉంది. పని దినాల్లో సుపీరియర్ కోర్టు కుటుంబ విభాగంలో, రాత్రుళ్లు, సెలవు రోజుల్లో పోలీసు స్టేషన్‌లో, కొట్టినవాడు దగ్గరికి రాకుండా ఆపే తాత్కాలిక నిరోధక ఉత్తర్వు కోరవచ్చు. రుసుము లేదు. వీసా ఏమిటన్నది దానికి అర్హత కాదు. ఇల్లు భర్త పేరున ఉన్నా అతన్నే బయటికి వెళ్లమనవచ్చు. పది రోజుల్లోపు విచారణకు వస్తుంది, జడ్జి ఇద్దరి మాటా వింటారు. తుది ఉత్తర్వు వస్తే కోర్టు తీసేసేదాకా దానికి గడువు లేదు. క్రిమినల్ కేసు పెట్టకుండా కూడా ఈ ఉత్తర్వు అడగవచ్చు. ఇవేవీ నాకప్పుడు తెలియవు. ఆ అమ్మాయికి తెలిసిందల్లా భర్త చెప్పిన మాట: "పోలీసులను పిలిస్తే నీ వీసా రద్దు, మర్నాడే విమానం."

అందులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో విడదీసి చెప్పుకోవాలి. పోలీసులను పిలిచినందుకు వీసా రద్దు కాదు. కానీ విడాకులైతే హెచ్-4 పోతుంది. అతనికి శిక్ష పడితే అతన్ని దేశం నుంచి పంపేయవచ్చు, ఆమె వీసా వేలాడేది అతని వీసా మీదే. భర్త పౌరుడో, గ్రీన్‌కార్డుదారుడో అయితే 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద భార్య తనంత తానే గ్రీన్‌కార్డు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. అతని సంతకం అక్కర్లేదు, అధికారులు అతనికి ఆ సంగతి చెప్పకూడదు. విడాకులైనా రెండేళ్లలోపు పెట్టుకోవచ్చు. హింసకు గురైన భర్తలకూ ఇదే దారి. హెచ్-4 వాళ్లకు ఆ దారి లేదు. వాళ్లకోసం 2005 సవరణలో పని అనుమతి చేర్చారు, దాని దరఖాస్తులు 2017 నుంచి తీసుకుంటున్నారు. దర్యాప్తుకు సహకరించిన బాధితులకు యు వీసా ఉంది. పోలీసులో, ప్రాసిక్యూటరో ధ్రువీకరించాలి, ఏడాదికి పదివేలే ఇస్తారు కనుక ఏళ్ల తరబడి ఎదురుచూపు. సులువని నేను అనడం లేదు. తిరుగు విమానం తప్ప మరో దారి లేదన్నది మాత్రం అబద్ధం.

తప్పుడు కేసుల మాట ఎత్తేవారున్నారు. భార్యను వేధించిన భర్త మీద, అత్తింటివారి మీద ఇండియాలో పెట్టే 498ఎ కేసు కింద అన్యాయంగా నలిగిన కుటుంబం మా బంధువుల్లోనే ఉంది, ఆ తల్లి ఏడుపు నేను చూశాను. అందుకే 2014లో భారత సుప్రీంకోర్టు ఆ కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దన్నది. ఇక్కడి విచారణలోనూ మగవాడు లాయరును, సాక్షులను తెచ్చుకోవచ్చు. అటువైపు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక మనవాడు అమెరికాలోని మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులను భారత సుప్రీంకోర్టు 1991లో చెల్లవన్నది. ఆ భార్య అలా పోరాడకపోతే ఎంతమంది కాగితం ముక్కతో వదిలించుకుపోయేవారో. ఈ రెండూ తూకం వేసినా, గొంతు మీద మచ్చలు చూసి పైట సర్దే మనలాంటివాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు.

పెద్దలకు నా మనవి ఇదే. ఇలాంటి కబురు చెవిన పడితే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకండి. అమ్మాయితో ఒంటరిగా మాట్లాడండి. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పటి ప్రవేశ పత్రం), పెళ్లి పత్రం నకళ్లు మీ ఇంట్లో దాచి పెట్టండి. 1985 నుంచి మన న్యూజెర్సీలోనే ఇలాంటి ఆడవాళ్ల కోసం పనిచేస్తున్న మానవి అనే సంస్థ గురించి చెప్పండి. జాతీయ సహాయ కేంద్రం 1-800-799-7233, దుభాషి కావాలంటే ఇస్తారు. ప్రాణం మీదికి వస్తే 911. ఈ నంబర్లు మన ప్రతి సంచికలో, హాలులో ఆడవాళ్ల స్నానాలగది తలుపు వెనక ఉండాలి.

బతుకమ్మ ఏర్పాట్ల సమావేశం త్వరలోనే ఉంది. ఆ రోజు ప్రసాదాలు పంచే చోటికి ఆనుకుని ఒక బల్లకు స్థలం అడుగుతున్నాను. మోయడానికి మావారూ నేనూ వస్తాం, సాయంత్రం దాకా దాని వెనక నేనే కూర్చుంటాను.