మెసేజ్‌లో అక్షరం తప్పితే పక్షవాతమేనా?

చుట్టాల గ్రూపులో, కాలనీ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఎక్కడ చూసినా అదే ఫార్వర్డ్. "మీవాళ్ల మెసేజ్ గజిబిజిగా వస్తే అది బ్రెయిన్ స్ట్రోక్. సెల్ రేడియేషన్ వల్లే వస్తుంది. వెంటనే పది వేళ్ల కొసలకూ సూది గుచ్చి రక్తం తీయండి, ఆస్పిరిన్ మింగించండి." వద్దని చెప్పినా మళ్లీ పంపుతున్నారు.

రేడియేషన్ మాటకు ఆధారం లేదు. స్ట్రోక్ రాకూడదంటే బీపీ, షుగర్ చూపించుకోండి, పొగ మానండి.

గజిబిజి మెసేజ్‌లంటారా, కళ్లద్దాలు లేకుండా టైప్ చేసినా వస్తాయి, మన వరంగల్ యాస అర్థం కాక వాయిస్ టైపింగ్ ఇంకేదో రాసినా వస్తాయి. ఎప్పుడూ అలాగే రాసే మనిషి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

కానీ ఆ మొదటి ముక్క ఉత్త కల్పన కాదు, అది ఒప్పుకోవాలి. 2012లో బోస్టన్ డాక్టర్లు 25 ఏళ్ల గర్భిణి గురించి రాశారు. కాన్పు తేదీ గురించి భర్త మెసేజ్ పెడితే ఆమె నుంచి అర్థం లేని మాటలొచ్చాయి, ఆస్పత్రికి తీసుకెళితే స్ట్రోక్ అని తేలింది. దీన్ని డిస్‌టెక్స్టియా అన్నారు. డెట్రాయిట్‌లో స్ట్రోక్ వచ్చిన ఒకాయనకైతే మాట్లాడటం, చదవడం బాగానే ఉండి టెక్స్ట్ చేయడం మాత్రమే కుదరలేదు. కాబట్టి శుభ్రంగా రాసే మనిషి ఉన్నట్టుండి అలా రాస్తే పట్టించుకోవాల్సిందే.

పట్టించుకోవడమంటే సూది వెతకడం కాదు! మెదడులో రక్తనాళం మూసుకుపోతే వేలి కొసన రెండు చుక్కలు కారినందువల్ల అది ఎలా తెరుచుకుంటుంది? గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూశాకే. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే సుమారు రెండు గంటలు పడుతుంది, ఇక పది వేళ్లూ గుచ్చి, రక్తం తుడిచి, తగ్గిందా లేదా అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ మనిషికి మిగిలేది ఎంత సమయం? పక్షవాతం అనగానే పసరు మందుకు తీసుకెళ్లి ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికే ఉన్నారు, వాళ్లకు తోడు ఇదొకటి నేర్పుతున్నారు. దయచేసి ఆపండి.

ఆస్పిరిన్ కూడా అంతే ప్రమాదం. నాళం మూసుకుపోయిందో చిట్లిందో స్కాన్ లేకుండా డాక్టరే చెప్పలేడు, చిట్లి ఉంటే ఆ మాత్ర రక్తస్రావాన్ని పెంచుతుంది. పైగా మింగడం కష్టమైన మనిషికి మాత్ర, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అనుమానం వస్తే ఫోన్ చేసి మాట్లాడించండి, పక్కనున్నవాళ్లను మూతి వంకర పోయిందా, రెండు చేతులూ పైకి లేస్తున్నాయా చూడమనండి. ఏ ఒక్క తేడా కనిపించినా 108కి కొట్టండి. మాట బాగుంది కదా అని ఊరుకోవద్దు, రాత ఒక్కటే హఠాత్తుగా తప్పుతున్నా బయల్దేరండి. చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నారో గుర్తుపెట్టుకోండి, ఇంజెక్షన్ ఇవ్వొచ్చో లేదో డాక్టర్లు ఆ టైమ్‌ను బట్టే చూస్తారు.